లోపలి మచ్చ

మిరియాలు కోస్తూ చెట్టు మీంచి పడ్డ నూకరత్నానికి వెన్నుపూస ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక భర్త ధర్మ ఆమెను మంచం దిగనివ్వలేదు. తాగుడు మానేశాడు. రాగి అంబలి కాచి నోటికందించాడు, తల దువ్వాడు. ఆమె లేవబోతే, "కదిలితే నడుం పోద్దని డాక్టరు సెప్పినాడు, పడుకో," అనేవాడు.

ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడని ఊరి ఆడవాళ్ళు అనేవారు. నూకరత్నమూ అలాగే అనుకుంది.

వానలు వెనకబట్టేసరికి ఎడమ కాల్లో మంట మొదలైంది. ధర్మే ఆమెను విశాఖపట్నం తీసుకెళ్ళాడు.

స్కానింగ్ చూసి డాక్టరు చిరాకుపడ్డాడు. "ఆపరేషన్ చేసిన చోట లోపల మచ్చ కట్టి నరాన్ని పట్టేసింది. రోజూ నడిచుంటే ఇంత గట్టిగా పట్టేది కాదు. అప్పుడు నువ్వు మత్తులో ఉన్నావని, రోజూ నడిపించమని మీ ఆయనకే చెప్పాను. కాళ్ళు చాపే వ్యాయామం కూడా చేసి చూపించాను. ఒక్కరోజైనా చేశావా?"

ఆమె ధర్మ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

అరకు బస్సు ఘాట్ ఎక్కుతుంటే ఆమె అడిగింది. "ఎందుకు సెప్పనేదు?"

"నా తాగుడు పడలేక పుట్టింటికి పోతానన్నావు గదా, పడిపోకముందు. నడక వస్తే ఎల్లిపోతావని బయమేసింది." ఆమె వైపు తిరిగి, "తాగుడు మానీసినాను గదా," అన్నాడు.



ఊరి మలుపు దగ్గర బస్సు ఆగింది. అక్కణ్ణుంచి ఊరికి కొండ ఎక్కాలి. ధర్మ ముందు దిగి, ఆమె ఎక్కడానికి వీలుగా వీపు వంచాడు.

నూకరత్నం కొండదారిని చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులూ అతని మెడ చుట్టూ వేసింది.