పర్యవేక్షణ లేకుండా

"మీ సార్ పర్యవేక్షణల చేస్తే లైసెన్స్ సార్‌కుండాలె. మీకెందుకు మేడం?"

పంజగుట్టలోని లైసెన్సు ఆఫీసు గుమస్తా ఆ మాట అని, ఆమె అనుభవానికి సార్ ఇచ్చిన ఉత్తరాన్ని కౌంటరు ఇవతలికి తోశాడు. డయానా మళ్లీ చదువుకుంది. 'ఈ పనులన్నీ నా పర్యవేక్షణలో చేసింది' అని ఉంది. మంచిమాటే అనుకుని రాయించుకుంది. అదే కొంప ముంచింది.

"పర్యవేక్షణ లేకుండ, సొంతంగ చేసింది అని ఉండాలె. ఆరేండ్ల పనికి. కింద ఇంజినీర్ సంతకం, స్టాంపు. అయిదింటికి కౌంటర్ బంద్. ఇయ్యాల్నే ఆఖరు. మల్ల దరఖాస్తులు ఎప్పుడు పిలుస్తరో మాకే తెల్వది."

డయానాది డిప్లొమా. పదిహేడేళ్లుగా ఇళ్లకు పునాదులు, పిల్లర్లు, స్లాబులు లెక్కకట్టి డ్రాయింగులు గీస్తోంది. కింద పేరు మాత్రం ఇంజినీరు హనుమత్ప్రసాద్‌గారిది. ఇప్పుడు డిప్లొమా వాళ్లకు ఇస్తామంటున్నది పరిమిత లైసెన్సు. మూడంతస్తుల లోపు ఇళ్లకే. ఆ మూడంతస్తులైనా చాలు, కింద తన పేరుంటుంది. నలభై రెండేళ్ల వయసులో ఆమె కోరుకుంటున్నది అదొక్కటే.

మెట్రోలో అమీర్‌పేట ఒక్క స్టేషను దూరం. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయింది. తలుపు దగ్గరే నిలబడి, ఆ తలుపు తెరుచుకోవడానికే ఇంతసేపా అని విసుక్కుంది.

ఆఫీసు మైత్రీవనం వెనక సందులో. ఒక గది, రెండు కంప్యూటర్లు. ఉత్తరంలో ఆ మాట మార్చి ప్రింటు తీస్తుంటే, రెండో కంప్యూటరు మీద పనిచేసే మహిపాల్ తొంగిచూశాడు.

"గిది సార్ ఒప్పుకుంటడా అక్కా? నేను చూడకుంటనే సంతకాలు పెట్టిన అని ఆయనే రాసిచ్చినట్టు గాదా? రేపు ఆయన లైసెన్స్‌కే ఎసరొస్తది."

"తెలుసు."

"మరెందుకు ఫికర్? ఎట్లైనా సంతకాలకు నాలుగు డ్రాయింగులు తీస్కపోతున్నవు గదా. గీ కాగితం నడుమ పెట్టు. అన్నిట్ల కలిసి అదొకటి పోతది. సార్ ఏమన్న చూసి పెడ్తడా?"

డయానా ఉత్తరాన్ని డ్రాయింగులతో కలపకుండా వేరే కవర్లో పెట్టుకుంది. సార్ స్టాంపు ఎప్పటిలాగే ఆమె బ్యాగులోనే ఉంది.

శ్రీనగర్ కాలనీలో సార్ ఇంటికని ఎక్కిన ఆటో ఎల్లారెడ్డిగూడలో ఇరుక్కుపోయింది. మూడూ నలభై.

"అన్నా, జర తొందరగ."

"ఎగిరి పోవాల్నా మేడం?" అన్నాడు ఆటో అతను, ఇంజను ఆపేస్తూ.

దిగి మిగతా దూరం నడిచింది. నడక అనుకుంది గానీ, సగం పరుగే.

హనుమత్ప్రసాద్ బాల్కనీలో వాలుకుర్చీలో ఉన్నారు. భార్య ఆయన చేతిలో కాఫీ గ్లాసు పెట్టి లోపలికి వెళ్లింది.

"ఏంటి డయానా, ఆ రొప్పేంటి? మెట్లన్నీ పరుగెత్తావా?"

"ఉత్తరం మార్చాలట సార్. చదువుతాను, వినండి."

చదివింది. 'నా పర్యవేక్షణ లేకుండా' అన్న చోట గ్లాసు ఆయన పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది.

"నేను చూడకుండా చేశావా? ఆరేళ్లుగా ప్రతి డ్రాయింగూ నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పించుకున్నాను. ఏ ఇంట్లో ఏ పిల్లరుకు ఎన్ని రాడ్లో ఇప్పటికీ నాకు నోటికొచ్చు."

"అవును సార్."

"తప్పులు పట్టలేదా?"

"పట్టారు. ఒకటి."

"ఏది?"

"బోరబండ ఇంటి మెట్లు."

ఆయనకు నవ్వు రాబోయి ఆగింది.

"ఇదిస్తే వాళ్లు నన్ను పిలుస్తారు. ఎందుకు చూడలేదని అడుగుతారు. ఈ పని తప్ప నాకు ఇంకోటి తెలీదమ్మాయ్. ఆ ఒక్కటీ లాగేసుకుంటే పొద్దున్నే లేచి ఏం చేయను?"

డయానాకు కోపం వచ్చింది. వెంటే జాలి కూడా వేసింది.  ఫోనులో టైము చూసుకుంది. నాలుగూ పది.

"ముందు ఆ డ్రాయింగులు ఇలా ఇవ్వు. అవి కానిద్దాం" అన్నారాయన.

"ముందు ఇదే సార్."

కింద వీధిలో పుచ్చకాయల బండివాడు అరుస్తున్నాడు. ఆయన తల అటు తిప్పారు. డయానాకు కాలు నిలవడం లేదు.

"అసలు నాకు చదివి వినిపించకపోతే ఏం పోయేది నీకు?" అన్నారు మెల్లగా.

"నా పేరు మీద వచ్చే మొదటి కాగితం సార్. దాన్ని దొంగతనంగా తెచ్చుకోలేను."

ఆయన గ్లాసు ఆమెకు అందించి జేబులోంచి పెన్ను తీశారు. మూత తీశారు.

"పిలవనీ. ఉన్నమాటే చెబుతాను. ఏదీ, ఎక్కడ?"

డయానా ఆయన చూపుడువేలు పట్టుకుని, ఆరేళ్ల కిందట ఆయనకు చూపు పోయిన నాటి నుంచి ప్రతి డ్రాయింగు మీదా చేస్తున్నట్టే, సంతకం పెట్టాల్సిన చోట ఆనించింది.