నలభై కొత్త పాటలు

“లిస్టొచ్చింది మామయ్యా,” అంది కోడలు.

“లిఫ్టొచ్చిందా? పదండి, డాక్టరు టైమైంది.”

“లిఫ్టు కాదు, లిస్టు. అత్తయ్య ఆన్‌లైన్లో కొన్న పాటలన్నీ ఒక్క కమాండుతో ఏరాను.” లాప్‌టాప్ నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చూపించింది. “మొత్తం నలభై. ఆల్బంలు వేరు, పాట ఒకటే.”

“నచ్చిన పాట వదల్దు. పాట్లు పెట్టే నన్నే వదల్లేదు.”

“తేదీలు చూడండి. ఆరేళ్ళ కిందట మొదలు. అప్పట్లో ఏడాదికొకటి. ఈ వారంలోనే ఆరు.”

మామగారు తెర మీదికి వంగి తేదీలు చదివారు. అత్తగారికి మతిమరుపు మొన్ననే మొదలైందని డాక్టరుతో చెప్పింది ఆయనే.

“కొన్నప్పుడల్లా ‘కొత్త పాటండీ’ అనేది. పేపర్లోంచి తలెత్తకుండా ఊఁ కొట్టేవాణ్ణి. అప్పుడే తీసుకెళ్ళుంటే మందు పనిచేసేదేమో.”

కోడలు లాప్‌టాప్ మూసేసింది.

లోపల్నుంచి అత్తగారు పిలిచింది. “ఏమండీ, కొత్త పాట కొన్నాను. ఎప్పుడైనా విన్నారా?”

ఆయన వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నారు.

“లేదు. ఎప్పుడూ వినలేదు. పెట్టు.”