విశేషమా?

పంజాగుట్టలో సంతాన సాఫల్య కేంద్రం మెట్ల మీద, అనుదీప్ పిడికిలి వెళ్లి ముక్కూ మొహం తెలియని మనిషి దవడ మీద పడింది.

ఆయన చేసిన తప్పల్లా, "ఏంటండీ, విశేషమా?" అని నవ్వుతూ అడగడమే.

నాలుగోసారి కూడా నిలవలేదని డాక్టరమ్మ చెప్పి పది నిమిషాలు కాలేదు. ఆరేళ్లుగా ఆ మాట అడగని చుట్టం లేడు. అమీర్‌పేటలో కూరగాయలు అమ్మే ఆవిడ కూడా అడిగింది.

"మల్లొక్కసారి అను! పండ్లు రాలగొడ్త!" అంటూ అనుదీప్ ఆయన కాలరు పట్టి గోడకేసి కొట్టాడు. ఆయన చేతిలోని డబ్బా జారిపడి పూతరేకులు నలిగాయి. వాటి మీద రక్తం చుక్కలు పడ్డాయి.

వనిత భర్త నడుం పట్టి వెనక్కి లాగింది. "ఇడ్సిపెట్టు, సచ్చిపోతడు!"

ఆయన మెట్టు మీద కూలబడి పెదవి తుడుచుకున్నాడు. "విశేషం మాకండీ. పదేళ్లకి! ఎవరికైనా చెప్పుకోవాలనిపించి, అలా మాట కలిపాను."

మళ్లీ లేచిన అనుదీప్ పిడికిలి గాలిలోనే ఆగిపోయింది.

"పర్లేదు బాబూ. పోయిన నెల ఈ మెట్ల మీదే, ఇదే మాట అడిగినాయన్ని నేనూ చితక్కొట్టాను. ఆయన చేతిలోనూ స్వీట్లే. ఈ నెల మాకు నిలిచింది."

వనిత భర్త నడుం వదిలేసి, చున్నీ బిగించి కట్టుకుంది.

"అన్నా, జర ఆ చెంప సుత ఇటు తిప్పు. మా ఆయనొక్కడే కొడితే ఎట్ల నిలుస్తది?"