కొత్త వెర్షన్

"ఏ వేలు?" అడిగాడు బట్టతల, చేతిలో కటింగ్ ప్లేయర్ ఆడిస్తూ.

కుక్కల షెడ్డులో పన్నెండో బోనులో కూలబడి ఉన్నాడు కళ్ళజోడాయన. చేతులు రెండూ ఊచల సందుల్లోంచి బయటికి లాగి, ముందు స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టారు. మిగతా పదకొండు బోనుల్లో పదకొండు వేటకుక్కలు. రెండు రోజులుగా వాటికి మాంసం ముక్క వేయలేదట. ఆ సంగతి బట్టతల ఎంత మురిపెంగా చెప్పాడో!

"అన్నా, నా మాట వినండి. ఎలక్ట్రానిక్ తాళాలు చేసేవాళ్ళు నేను రాసిన లైబ్రరీనే, అంటే తాళాన్ని నడిపే కోడ్‌నే, ఇన్‌స్టాల్ చేసుకుంటారు. ఊరికే ఇస్తాను కాబట్టి, ఎవరు ఎక్కడ పెట్టుకున్నారో నాకే తెలీదు. మీరు చెప్పింది అందులో రాస్తే మీరు దోచాలనుకునే ఆ బంగారం కొట్టు ఒక్కటే కాదు, ఎవరెవరి తలుపులో తెరుచుకుంటాయి."

"ఊళ్ళోవాళ్ళ తలుపులతో నాకేం పనిరా?"

ఎడమ చిటికెన వేలు పటుక్కుమంది. ఆయన అరుపుకి కుక్కలన్నీ ఊచల మీదికి దూకాయి.

"చూసుకుని విరువు బావా. ఆ చేతుల్తోనేగా వాడు టైప్ చెయ్యాలి," అన్నాడు బట్టతల బావమరిది. ఆ ముఠా మొత్తానికి కంప్యూటర్ తెలిసింది తనకొక్కడికేనని వాడికి మహా టెక్కు. "ఒరేయ్, ఇటు చూడు."

ఫోన్ నొక్కాడు. మూడో బోను తాళం మీది ఎర్ర దీపం ఒక్క క్షణం పచ్చబడి, మళ్ళీ ఎర్రబడింది. లోపలి నల్లకుక్క తలుపుని ఢీకొట్టి గుర్రుమంది.

"ఈ తాళాలన్నీ నా చేతి పనే. నీ బోనుది పాడైందని ఇనప తాళం వేశాంగానీ, తాళం చెవి బావ జేబులోనే ఉంది. తేడా వస్తే నిన్ను బయటికి లాగి వాటి మధ్య పడేస్తాం. కొట్టులో మా మనిషి ఉన్నాడు. నువ్వు కొత్త వెర్షన్ వదలగానే అక్కడ ఇన్‌స్టాల్ చేస్తాడు. సరిగ్గా మూడింటికి తాళం ఊడాలి."

"మిగతావాళ్ళ ఇళ్ళు..."

"వాళ్ళంతా నీలాంటి పిరికిపందలేరా! కొత్తది వస్తే వారం ఆగి, నలుగురినీ అడిగి అప్పుడు పెట్టుకుంటారు. నేనైతే వచ్చింది వచ్చినట్టు దానంతటదే ఇన్‌స్టాల్ అయిపోయేలా పెట్టేస్తా. కూర్చుని చూసుకునే ఓపిక మనకెక్కడిది?"

కళ్ళజోడాయన మొదటిసారి తలెత్తి వాడి ముఖంలోకి చూశాడు.

"ఏంట్రా ఆ చూపు?" బట్టతల ఉంగరం వేలు కూడా విరిచాడు.

"రాస్తాను! రాస్తాను బాబోయ్! ఇంక విరవకండి."

ఏడుస్తూనే మిగిలిన వేళ్ళతో రాశాడు. కీబోర్డు మీద రక్తం. బావమరిది లైను లైనూ వేలు పెట్టి చదివాడు. "మోసం లేదు బావా. మూడవగానే తెరుచుకోవాలి, అంతే."

మూడింటికి పది నిమిషాలుందనగా కొత్త వెర్షన్ బయటికి వెళ్ళింది. కొట్టులో తమ మనిషి ఇన్‌స్టాల్ చేశానని ఫోన్‌లో చెప్పాడు. బట్టతల ఆ ఫోన్ స్పీకర్‌లో పెట్టి, స్టూలు మీది ల్యాప్‌టాప్ తోసేసి తాపీగా కూర్చున్నాడు.

"ఇక వీణ్ణేం చేద్దాం బావా?"

"కుక్కలు పస్తులున్నాయిగా," అన్నాడు బట్టతల, జేబులో తాళం చెవి తడుముకుంటూ.

కళ్ళజోడాయన విరిగిన వేళ్ళని పొదివి పట్టుకుని చేతులు మెల్లగా లోపలికి లాక్కున్నాడు.

మూడైంది.

"అన్నా, తెరుచుకుంది!" ఫోన్‌లోంచి కేక. బట్టతల ఎగిరి గంతేసి బావమరిదిని కావలించుకున్నాడు. ఆ సంబరంలో కుక్కల అరుపులు ఎప్పుడు ఆగిపోయాయో ఇద్దరూ గమనించలేదు.

వాళ్ళ వెనక పదకొండు దీపాలూ పచ్చగా వెలుగుతున్నాయి; కళ్ళజోడాయన తన బోనుకి వేసిన ఇనప తాళాన్ని లోపల్నుంచి ఒకసారి లాగి చూసుకున్నాడు, గట్టిగానే ఉంది.