పోలికకు వదిలిన వీధి

ఒకరికిచ్చి పక్కవాడికి ఇవ్వకపోవడంలో దేవుడి ఉద్దేశమేమిటన్న సందేహం నాకు ఏళ్లుగా ఉంది. మా బావమరిదికి అలాంటి సందేహాలు లేవు.

కలుషిత నీటి జబ్బులు తగ్గించి చూపినవారికే పరిశోధన నిధులని ప్రభుత్వం పోటీ పెట్టింది. ఆ నిధుల కోసం అతను పక్క వీధిలో ఇంటింటికీ నీటి ఫిల్టర్లు బిగించి, పోల్చి చూడడానికి మా వీధిని వదిలేశాడు.

కామెర్లతో పడుకున్న మా పాప నుదురు నిమురుతూ, "నీళ్లు కాచి ఇస్తున్నావా అక్కా?" అన్నాడు. మేనమామ అనిపించుకున్నాడని సంతోషించాను.

"ఇది మంచమెక్కినప్పటి నుంచీ అందరం కాచినవే తాగుతున్నాంరా," అంది నా భార్య.

అతని ముఖం మాడిపోయింది. "కొంప ముంచావు! మీరు కాచుకు తాగితే రెండు వీధులకీ తేడా ఏం కనిపిస్తుంది? మీ ఇంటిని లెక్కలోంచి తీసేయాలి."

"తీసెయ్. ఇక అడ్డేముంది? మాకూ ఓ ఫిల్టరు పెట్టు."

"లెక్కలో లేని ఇంటికి ఎలా పెడతానక్కా? మరీ చిన్నపిల్లలా మాట్లాడతావు!"

ఆమె లోపలికెళ్లి గ్లాసుతో వచ్చింది. "ఇవి కాచనివే. తాగి వెళ్లు."

అతను గ్లాసు ముట్టుకోలేదు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, గొంతు తగ్గించి బతిమాలాడు.

"పక్కింటివాళ్లకి మాత్రం కాచమని చెప్పకే అక్కా."