నాలుగో డిస్కు

"ఏమప్పా చంద్రశేఖరా, నువ్వు మా బిడ్డ పెళ్లి వీడియో తీసినావా, నా పరువు తీసినావా?"

ధర్మవరంలోని ఆ చిన్న ఫోటో స్టూడియోలో నాగప్ప డిస్కును బల్ల మీద టప్పున పడేశాడు.

స్టూడియో యజమాని చంద్రశేఖర్ తల పట్టుకున్నాడు. "మళ్లీ ఆడలేదా అన్నా?"

"ఆడలా. మూడోది గూడా ఆడలా. హిందూపురంలో మా బిడ్డ అత్తగారింట్లో అందరూ టీవీ ముందర కూర్చుంటారు. డిస్కు పెడితే అది రెండు చుట్లు తిరిగి 'నో డిస్క్' అంటాది. అంతే, అందరూ టీవీని వదిలేసి నా మొగం చూస్తారు. నువ్వొచ్చి ఆ చూపులు పడతావా?"

చంద్రశేఖర్ అదే డిస్కును తన ప్లేయర్‌లో పెట్టాడు. పెళ్లికూతురు వాణి టీవీ నిండా నవ్వింది. తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ నిక్షేపంగా వచ్చాయి.

"చూడన్నా, ఏమైంది దీనికి?"

"ఈడ ఆడతాది. పెనుకొండలో మా బామ్మర్ది ఇంట్లో ఆడతాది. మా పక్కింటోళ్ల డొక్కు ప్లేయర్‌లో గూడా ఆడతాది. ఆ ఒక్క ఇంట్లోనే దీనికి రోగం!"

"అయితే తప్పు వాళ్ల ప్లేయర్‌దే."

"ఆ మాట ఆడ నేననాల్నా? వాళ్లది బెంగళూరు నుంచి తెచ్చిన ప్లేయరంట! దాంట్లో సినిమాలు ఆడతాయి, భజనలు ఆడతాయి. మేమిచ్చింది ఒక్కటే ఆడదంట. దుడ్లు మిగిలించుకునేదానికి యాడో చవకగా తీయించినామంట. 'మీ నాయన ఏమిచ్చినా ఇట్లే ఉంటాది' అని మా బిడ్డను దెప్పుతాండారప్పా!"

నాగప్ప తననైతే ఎంతన్నా దులిపేసుకునే మనిషే. ఆ మాటలు కూతురు పడుతోందంటే మాత్రం ఒంట్లో రక్తం మరిగిపోతోంది. పెళ్లయిన నెలన్నరకే ఆ పిల్లకు ఈ దెప్పుళ్లేమిటి, అదీ ముష్టి డిస్కు కోసం?

"పోయినప్పుడల్లా మగ్గం దిగి పోతాండా. పిల్లనిచ్చినోడు ఊరికూరికే వియ్యంకుల గడప తొక్కితే నలుగురూ ఏమంటారు? ఈ డిస్కు పని ఉండబట్టి గానీ, లేకుంటే నేనా ఇంటికి పోతానా?"

చంద్రశేఖర్‌కూ రోషం వచ్చింది. పదిహేనేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నవాణ్ణి ఒక ప్లేయర్ తప్పుపట్టడమా! వేరే కంపెనీ డిస్కు తీసి, మామూలుగా ఐదు నిమిషాల్లో అయ్యే పనిని అరగంట సేపు నిదానంగా చేసి, వీడియోను దాంట్లోకి ఎక్కించి, కవర్‌లో పెట్టి ఇచ్చాడు.

"ఇది ఆడకపోతే నేను స్టూడియో మూసేస్తా అన్నా. ఒకటే మాట. ఎవరి చేతికీ ఇయ్యొద్దు. ఇంతవరకూ ఎవరు పెట్టినారు?"

"మా బిడ్డే. లోపలికి తీసకపోయి, దుమ్ము తుడిచి తెచ్చి పెడతాది."

"ఈసారి నీ చేత్తోనే పెట్టు."

ఆదివారం పొద్దున రైలెక్కి, పదిన్నరకల్లా నాగప్ప హిందూపురంలో వియ్యంకుల ఇంటికి చేరాడు. వాణి వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది.

లోపల్నుంచి వాణి అత్త ఈశ్వరి పలకరించింది. "రాండన్నా. ఇది నాలుగోదా, ఐదోదా? మాకు లెక్క తప్పిపోయింది."

ఇంట్లోవాళ్లంతా నవ్వారు. నాగప్ప పళ్లు కొరుక్కుంటూ టీవీ దగ్గరికి నడిచాడు.

"ఇయ్యి నాయనా, తుడిచి తెస్తా," అంటూ వాణి చెయ్యి చాపింది.

"ఉండమ్మా. ఈసారి నేనే పెడతా. దోషం మన డిస్కులో ఉండాదో, వీళ్ల ప్లేయర్‌లో ఉండాదో నా కండ్ల ముందరే తేలాల."

"వద్దు నాయనా, నీకు తెలీదు. నేను పెడతా..."

"ఉండమంటాండా గదా!"

కూతురి మీద ఆయన ఎప్పుడూ అరిచి ఎరగడు. వాణి వెనక్కి తగ్గింది. నాగప్ప డిస్కు పెట్టి బటన్ నొక్కాడు. ప్లేయర్ రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టుకు నాదస్వరం ఒక్కసారిగా మోగి, టీవీలో పెళ్లిపందిరి కనిపించింది.

ఈశ్వరి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఏమమ్మా, ఆడిందా?" నాగప్ప ఇంటి నడిమధ్యన నిలబడి అడిగాడు. "ఇది చవక డిస్కేనా? బాగా చూడండి. ఇంగోసారి మా బిడ్డను ఒక్క మాటంటే నేను ఊరుకునేది లేదు!" ఈ మాటల్ని ఆయన నెల రోజులుగా మగ్గం మీద కూర్చుని నేస్తూనే ఉన్నాడు.

"అయ్యో, కోపం పెట్టుకోవాకండన్నా. ఏదో నోరుజారి అంటిమి," అంది ఈశ్వరి నవ్వేస్తూ. "పోనీలెండి, ఇంగ మీకు ఈ తిరుగుడు తప్పింది."

భోంచేసి బయల్దేరిన నాగప్పను వీధి మలుపు దాకా సాగనంపడానికి వాణి వచ్చింది. ఆయన ఛాతీ ఇంకా పొంగే ఉంది. నాలుగడుగులు నడిచాక కూతురు వెనకబడిందని గమనించి ఆగాడు. వాణి కళ్లనిండా నీళ్లు.

"ఏమ్మా, గెలిస్తిమి గదా! ఇంగ ఏడుపెందుకు?"

"మన డిస్కులో ఎప్పుడూ దోషం లేదు నాయనా. తుడిచేదానికని లోపలికి తీసకపోయి, మూడుసార్లూ ఖాళీ డిస్కు తెచ్చి పెట్టి, మళ్లా అసలుది నీ చేతికిచ్చింది నేనే. వాళ్లు రెండు మాటలంటే పడదాంలే అనుకుంటి," అంది వాణి కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "ఇంగ నువ్వు ఏం పనుండాదని వస్తావు?"