బుగ్గబిళ్ళ చెప్పిన మాట

చెంప ఎర్రబడితే కారణం పైకి చెప్పే బుగ్గబిళ్ళ లేకుండా తణుకులో ఇప్పుడెవరూ భోజనానికి కూర్చోరు. మగవాళ్ళకి నీలం బిళ్ళ, ఆడవాళ్ళకి గులాబీ బిళ్ళ.

కొత్త అల్లుడు నిహాంత్ విస్తట్లో అత్తగారు ప్రత్యూష మూడో బొబ్బట్టు వేసింది. మొహమాటంతో అతని బుగ్గలు కందిపోయాయి.

"కోపం," అన్నది నీలం బిళ్ళ.

"అల్లుడుగారు అలిగారండీ," అని భర్తకి చెప్పి, ఆవిడ కంగారుగా మరో రెండు వేసింది. అతను ఇంకా ఎర్రబడ్డాడు.

"తీవ్ర కోపం," అన్నది బిళ్ళ. మామగారు పరుగున వెళ్ళి తన కొత్త కారు తాళాలు తెచ్చి అల్లుడి విస్తరి పక్కన పెట్టాడు.

"అమ్మా, ఆయనది మొహమాటం. ఇంక వడ్డించకు," అన్నది పక్కనే కూర్చున్న కూతురు ద్యుతి, పళ్ళు నూరుతూ.

"సిగ్గు," అన్నది ఆమె గులాబీ బిళ్ళ.

"మొగుణ్ణి వెనకేసుకురావడానికి ఎంత సిగ్గుపడుతోందో," అని తల్లి మురిసిపోయింది.

ద్యుతి తన బిళ్ళ పీకి అతనికి అంటించింది, అతనిది తను అంటించుకుంది.

"సిగ్గు," అన్నది అతని బుగ్గ.

"తీవ్ర కోపం," అన్నది ఆమె బుగ్గ.

ప్రత్యూష బొబ్బట్ల పళ్ళెం కింద పెట్టేసింది. "నా పిల్లకి సిగ్గెక్కువని ఇన్నాళ్ళూ ఊరంతా చెప్పుకున్నానే," అంది.

మామగారు తాళాలు తీసి కూతురి విస్తరి పక్కన పెట్టాడు.